వానలకు ముందే ఐక్యరాజ్య సమితి స్టాంపుల ఆల్బమ్ తెరిచి చూసుకోండి

మే నెల చివరికి వచ్చేసరికి కర్నూలు చుట్టుపక్కల మట్టిమిద్దెలున్నవారు పైన చౌడు పోయించి, కారే చోట్లను సరిచేసుకుంటారు. ఐక్యరాజ్య సమితి స్టాంపులు సేకరించేవారు కూడా ఆ రోజుల్లోనే బీరువా తెరిచి, ఒక్కొక్క ఆల్బమ్‌నూ తీసి చూసుకోవాలి. మనది పొడి ప్రాంతం కదా అన్న ధీమా పనికిరాదు. స్టాంపు వెనుక ఉండే, ఎండాకాలమంతా బిగిసి, పగుళ్ళు పట్టిన జిగురు జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలోని తేమను పీల్చుకొని మెత్తబడుతుంది, ఆ తరువాత కింది కాగితాన్ని పట్టుకొని వదలదు.

ఈ స్టాంపులకు జిగురే ప్రాణం. సమితి 1951 అక్టోబరు 24న న్యూయార్క్‌లో డాలర్ల విలువతోను, 1969లో జెనీవాలో స్విస్ ఫ్రాంకులతోను, 1979లో వియన్నాలో ఆస్ట్రియా షిల్లింగులతోను స్టాంపులు విడుదల చేయడం మొదలుపెట్టింది. అవి ఆ నగరాల్లోని సమితి కార్యాలయాల నుంచి పంపే ఉత్తరాలకే చెల్లుతాయి. అందువల్ల ఇక్కడ మన చేతికి వచ్చేవాటిలో ముద్ర పడని, జిగురు చెదరని మింట్ స్టాంపులే ఎక్కువ. తపాలా కార్యాలయానికి వెళ్ళి ఇంకొకటి కొనుక్కొనే వీలు కూడా మనకు లేదు.

2009 అక్టోబరు 2న సమితి గాంధీజీ బొమ్మతో ఒక డాలరు స్టాంపును విడుదల చేసింది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తిన రోజు కూడా అదే. మా కింది గదిలోని చెక్క బీరువాలో రెండు స్టాక్ బుక్కులు, అంటే స్టాంపులను దోపి ఉంచే పుస్తకాలు, నీళ్ళలో నానిపోయాయి. బురద కడిగిన వెంటనే నేను కంగారుపడి తడి పేజీలను వేళ్ళతో విడదీశాను. 1980లో మొదలైన జెండాల వరుసలో, నాలుగు దేశాల జెండాలు నాలుగేసి చొప్పున పదహారు స్టాంపులుండే షీటు ఒకటి అక్కడే పొరలుగా చీలిపోయి, రంగుల ముఖం ఒక పేజీకీ తెల్లటి వీపు ఎదుటి పేజీకీ అంటుకుపోయింది. నీళ్ళు చేసిన నష్టం కన్నా నా తొందరపాటు చేసిన నష్టమే ఎక్కువ. గాంధీజీ స్టాంపు ఆ తరువాత కొన్ని నెలలకు నా చేతికి వచ్చినప్పుడు, దానిని ఎక్కడ పెట్టాలన్న ఆలోచనతోనే కింద రాసిన జాగ్రత్తలన్నీ మొదలయ్యాయి.

ఆల్బమ్‌లను నేలమీద గానీ, బండల గోడకు ఆనించి గానీ, బీరువా అడుగు అరలో గానీ పెట్టకూడదు. పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి పేర్చితే ఆ బరువుకు మెత్తబడిన జిగురు అంటుకుంటుంది కాబట్టి, వాటిని పుస్తకాల్లాగా నిలబెట్టి, మధ్యలో కొంచెం గాలి ఆడనివ్వాలి. స్టీలు బీరువాలో సిలికా జెల్ సంచులు ఉంచి, నీలిరంగు గింజలు గులాబీ రంగుకు మారగానే వేడిచేసి మళ్ళీ వాడుకోవాలి. తేమ చూపే చిన్న మీటరు ఒకటి కొని పెట్టుకోవడం మంచిది. యాభై శాతం దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, అరవై ఐదు దాటితే బూజుకు దారి తెరుచుకున్నట్టే. పుస్తకాల మధ్య ఎండిన వేపాకు పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉన్నా, స్టాంపుల దగ్గర మాత్రం వద్దు, ఆకు మరక పడుతుంది. పీవీసీ కవర్లూ, సెల్లోటేపూ, లామినేషనూ అసలే వద్దు.

పాత షీట్లలో అంచు కాగితాన్ని కత్తిరించకండి. స్టాంపుల పక్క అంచుమీద సమితి పేరు అచ్చయి ఉన్న నాలుగు స్టాంపుల బ్లాకును సేకర్తలు ప్రత్యేకంగా దాచుకుంటారు. అంచును మడిస్తే చిల్లుల వరుస వదులై, తేమ తగిలినప్పుడు అక్కడే తెగిపోతుంది. చేతి చెమట కూడా తేమే కాబట్టి ట్వీజర్ లేకుండా ముట్టుకోవద్దు.

అంతా జాగ్రత్తగా ఉన్నా తడిస్తే, పేజీలను విడదీయకుండా ఆల్బమ్‌ను ఉన్నదున్నట్టు పాలిథీన్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే ఫ్రీజరు అరలో గడ్డకట్టించాలి. అక్కడ బూజు పెరగదు, మీకు ఆలోచించుకొనే వ్యవధి దొరుకుతుంది. తరువాత ఒక్కొక్క పేజీనే కరగనిచ్చి పని చేసుకోవచ్చు. ముద్ర పడిన స్టాంపులైతే శుభ్రమైన చల్లటి నీళ్ళలో తేలనిచ్చి, వాటంతట అవి ఊడాక బ్లాటింగ్ కాగితంపై బోర్లించి నీడలో ఆరబెట్టాలి. మింట్ స్టాంపు పేజీకి అంటుకుంటే దాని చుట్టూ పేజీని కత్తిరించి, తడి స్పాంజి ఉన్న మూతడబ్బాలో స్పాంజికి తగలకుండా ఉంచి, గంటకొకసారి చూస్తూ, జిగురు మెత్తబడిన క్షణంలో మెల్లగా ఎత్తాలి. జిగురు కొంత చెదిరినా స్టాంపు దక్కుతుంది. ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానివ్వకండి.

సమితి దళాలతో పనిచేసిన మన సైనికుల కోసం భారత తపాలా శాఖ పైముద్ర వేసి (అచ్చయిన స్టాంపుమీద మళ్ళీ అక్షరాలు ముద్రించి) ఇచ్చిన స్టాంపులు, అంటే కాంగో దళానికి 1962లోను, గాజా దళానికి నెహ్రూ స్టాంపుపై 1965లోను వచ్చినవి, మీ ఇంట పాత ఉత్తరాలకు అంటుకొని ఉంటే వాటిని కవరు నుంచి ఊడదీయకండి. ఆ కవరూ, దానిమీది ముద్రా కలిసి ఉంటేనే దానికి విలువ. పెద్దవాళ్ళ పెట్టెలో అలాంటివి ఉన్నాయేమో చూసి, వానలు మొదలయ్యేలోగా వాటిని బీరువా పైఅరలోకి మార్చి, రెండువైపులా ఫొటో తీసి, ఆ ఫొటోలను వేరే ఊళ్ళో ఉండే బంధువులకు కూడా పంపి ఉంచండి.