వడ్లు, బియ్యం, అన్నం: ఇంటి పనుల్లో జపనీస్ మాటలు నేర్చుకోవడం

మా నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే లేపి కూర్చోబెడుతూ ఎలా ఉందని అడిగితే ఒకరోజు సలుపుతోందంటుంది, ఒకరోజు సూదులు గుచ్చినట్టుందంటుంది. నేను నర్సును. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లాలని చదువుతున్నాను. ఆ పనిని వాళ్లు ‘కయిగొ’ అంటారు. 2019 ఏప్రిల్‌లో మొదలైన ప్రత్యేక నైపుణ్య వీసా మీద ఈ పనికి వెళ్లాలంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, దానికి బదులుగా ఒప్పుకునే మరో భాషా పరీక్ష గానీ ప్యాసవ్వాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చాక పుస్తకం ముందు కూర్చునే ఓపిక ఉండదు. అందుకని ఇంట్లో చేసే పనిలోనే మాటలు నేర్చుకోవడం అలవాటు చేసుకున్నాను. అది ఎలాగో రాస్తున్నాను.

ముందుగా, మధ్యలో ఇంగ్లిష్‌ను తీసేయండి. మొదటి నెల నేను ఒక తరగతిలో ఇచ్చిన ఇంగ్లిష్ పట్టిక బట్టీ పట్టాను. అందులో ‘రైస్’కు కొమె అనీ ఉంది, గొహన్ అనీ ఉంది. ఏది ఎప్పుడు అనాలో ఎంతకీ గుర్తుండేది కాదు. ఒకరోజు డబ్బాలోంచి సోలతో కొలుస్తుంటే తట్టింది: చేతిలో ఉన్నది బియ్యం, అది కొమె. ఉడికాక అన్నం, అది గొహన్. పొలంలో ఉన్న వరి ఇనె, కళ్లంలోని వడ్లు మొమి. నాలుగింటికీ మనకు నాలుగు మాటలున్నాయి, వాళ్లకూ ఉన్నాయి. ‘అన్నం తిన్నారా’ అంటే భోజనం అయిందా అని మనం అడిగినట్టే గొహన్ అంటే భోజనం కూడా. అన్న, అక్క, తమ్ముడు, చెల్లి కూడా అంతే: అని, అనె, ఒతోతొ, ఇమోతొ. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇవి కొత్త సంగతులు కావు. పేర్లే కొత్త.

జపనీస్ వాళ్లు మొదట నేర్చుకునే లిపి హిరగన. దాని 46 అక్షరాలు వచ్చేదాకా మాటలను తెలుగు లిపిలో రాసుకోండి, రోమన్ లిపిలో వద్దు. ఒబసన్ అంటే పిన్ని వయసు ఆవిడ, ఒబాసన్ అంటే బామ్మ. రోమన్‌లో చాలాచోట్ల ఆ దీర్ఘం రాయరు. మనకు దీర్ఘం కనబడుతుంది, ఒత్తూ కనబడుతుంది: కితె అంటే ‘రా’, కిత్తె అంటే తపాలా బిళ్ల. వాళ్ల ‘త’ వరుస త, చి, చు, తె, తొ అని నడుస్తుంది. అందులో చి మన చిలుకలోని చి, చు మన చుక్కలోని చు. ‘చిలుక, చుక్క’ అని ఒకసారి గట్టిగా పలికి చూడండి, నాలుక రెండు చోట్లకు వెళ్తుంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన తోటి విద్యార్థులు ఆ చు కోసం వారాలు కష్టపడ్డారు. ఒక్క జాగ్రత్త: తెలుగు లిపి స్వరం ఎత్తునూ పల్లాన్నీ చూపదు. టోక్యో పలుకుబడిలో అమె అన్నప్పుడు అ ఎత్తితే వాన, మె ఎత్తితే మిఠాయి. అది విని నేర్చుకోవాల్సిందే.

వస్తువుల మీద పేర్ల చీటీలు అంటించమని అందరూ చెబుతారు. నేనూ అంటించాను. పొయ్యి దగ్గరవి ఆవిరికి వారంలో ఊడిపోయాయి. మిగిలినవాటిని కళ్లు చూడటం మానేశాయి. పేరు బదులు ఆ వస్తువుతో చేసే పని రాయండి. తలుపు మీద అకెరు, షిమెరు (తెరవడం, మూయడం). స్విచ్చు మీద చుకెరు, కెసు (వెలిగించడం, ఆర్పడం). చేయి పడ్డ ప్రతిసారీ మాట పైకి అనాలి. కరెంటు పోతే మాత్రం కెసు కాదు, కియెరు. ఆర్పడం వేరు, ఆరిపోవడం వేరు. తెలుగులో ఉన్న ఈ తేడా తెలుసు కాబట్టి అదొక పాఠంగా చదవనక్కరలేదు. బియ్యం కడిగితే తొగు, కూరగాయలు కడిగితే అరఉ. బట్టల బీరువా మీద వేసుకోవడానికి నాలుగు మాటలు: చీర, చొక్కా అయితే కిరు, ప్యాంటుకూ చెప్పులకూ హకు, తలకు టోపీ అయితే కబురు, కళ్లజోడు అయితే కకెరు. మనమూ చీర కట్టుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం కదా.

గుమ్మం దగ్గర మాట నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మనం ‘వెళ్తున్నా’ అనం, ‘వెళ్లొస్తాను’ అంటాం. వాళ్లు ‘ఇత్తె కిమస్’ అంటారు. ఇత్తె అంటే వెళ్లి, కిమస్ అంటే వస్తాను. మాటకు మాట అదే. నాయనమ్మ లోపలి నుంచి ‘వెళ్లి రా తల్లీ’ అంటుంది, అది ‘ఇత్తెరశ్శయ్’.

ఇక నా అసలు సాధన నాయనమ్మ దగ్గరే. జపాన్‌లో సంరక్షకులు మనిషిని తాకే ముందు ఏం చేయబోతున్నారో చెబుతారు. దాన్ని కొఎకకె అంటారు. కాబట్టి పని చేస్తూ పైకి మాట్లాడటం నాకు చదువూ అయింది, ఉద్యోగ శిక్షణా అయింది. లేపేటప్పుడు ముందు తెలుగులో ‘లేద్దాం’, వెంటనే ‘తచిమశో’. కూర్చోబెట్టేటప్పుడు ‘సువరిమశో’. కుడి అంటే మిగి, ఎడమ అంటే హిదరి. కొత్త మాటలు రోజుకు మూడే. అంతకు మించితే మర్నాటికి నిలవవు.

నొప్పుల మాటలు ఇక్కడే నేర్చుకున్నాను. సలుపుకు జుకిజుకి, సూది గుచ్చినట్టుంటే చికుచికు, కడుపులో మెలిపెడితే కిరికిరి, తల బద్దలవుతుంటే గన్‌గన్. మిరపకాయల తొడిమలు తీశాక చేతులు మండుతాయే, ఆ మంట హిరిహిరి. తళతళ, గిరగిర అనే అలవాటున్న చెవికి ఇవి తొందరగా పడతాయి. అయితే ఏ మాట ఏ బాధకో ఎదుటి మనిషి ముఖం చూస్తూ నేర్చుకోవాలి. జుకిజుకి అన్న రోగికి చికుచికు అనుకుని సేవ చేస్తే లాభం లేదు.

మంచం పక్కన క్యాలెండరు ఉంది. రోజూ నాయనమ్మ చెప్పిన నొప్పిని ఆ తేదీ గడిలో హిరగనలో రాస్తాను. పోయిన నెలలో పద్నాలుగు జుకిజుకిలు, ఆరు చికుచికులు. జుకిజుకిలలో ఎక్కువ భాగం మెట్లు దిగిన రోజుల మర్నాడే వచ్చాయి. మోకాళ్ల డాక్టరు ఎప్పుడెప్పుడు సలుపుతోందని అడిగితే ఆ కాగితం చించి తీసుకెళ్లి, చూసి చెప్పాను.