పాత బండి, చల్లని ఇంజన్ – మూడో పాఠం: పాత కూలెంట్ దింపడం, కడగడం, కొత్తది నింపడం

రెండో పాఠంలో రేడియేటర్ మూత, ఫ్యాను, హోస్ పైపులు పరీక్షించాం. అవన్నీ బాగున్నా ఎండాకాలంలో మీ బండి టెంపరేచర్ ముల్లు పైకి పోతూనే ఉంటే, ఇక చూడాల్సింది లోపలే. లక్షన్నర కిలోమీటర్లు దాటిన బళ్లలో లోపలి కథ చాలావరకు ఒకేలా ఉంటుంది. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) బాటిల్లో మట్టం తగ్గినప్పుడల్లా ఎవరో ఒకరు బోరు నీళ్లు పోసి ఉంటారు. బంకులో ఒకసారి, దాబా దగ్గర ఒకసారి, ఇంట్లో మోటారు పైపు కింద ఒకసారి. పోసింది ఒక్కోసారి అరలీటరే అయినా, ఏళ్ల తరబడి పోస్తే మిగిలేది రంగు నీళ్లే.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. నీళ్లు బాగా కాగేచోట అవి ముందుగా గార కడతాయి. ఇంజన్లో బాగా కాగే చోటు సిలిండర్ హెడ్ (సిలిండర్లను పైన మూసే భాగం), అందులోనూ ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ. ఆ గార వేడిని లోహం నుంచి నీళ్లలోకి వెళ్లనివ్వదు. మీ ముల్లు చూపించేది కూలెంట్ వేడిని మాత్రమే, లోహం వేడిని కాదు. అందుకే ముల్లు మధ్యలో ఉండగానే లోపల హెడ్ కాలుతుండవచ్చు.

రెండోది తుప్పు. కూలెంట్లో దాని మూల ద్రవమైన గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టనివ్వని రసాయనాలుంటాయి. గ్లైకాల్ త్వరగా చెడదు కానీ ఈ రసాయనాలు ఖర్చయిపోతాయి. సిలికేట్ రకం పాత పచ్చ కూలెంట్ రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల వరకు, సేంద్రియ ఆమ్లాలతో చేసిన లాంగ్ లైఫ్ రకం సుమారు ఐదేళ్ల వరకు పనిచేస్తాయి. డబ్బా రంగు చూసి రకం తేల్చుకోవద్దు. రంగుకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక ప్రమాణం లేదు. పచ్చరంగులో లాంగ్ లైఫ్ కూడా దొరుకుతుంది. డబ్బా వెనక రాసిన స్పెసిఫికేషన్ మీ మాన్యువల్లో ఉన్నదానితో సరిపోవాలి. లెక్క అంతే.

ఈ పాఠానికి మొత్తం 6 లీటర్ల కూలెంట్ పట్టే డీజిల్ కారును ఉదాహరణగా తీసుకుందాం. మీ బండికి ఎంత పడుతుందో మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటుంది. ముందు ఆ సంఖ్య రాసి పెట్టుకోండి, తర్వాత లెక్కకు కావాలి.

కావలసినవి: నీళ్లు కలపని కూలెంట్ 3 లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 15 లీటర్లు (బ్యాటరీ షాపులో క్యాన్లలో దొరుకుతుంది), ఆ బండికే సరిపోయే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరిచే వాల్వు), దాని రబ్బరు రింగు, కొలత గీతలున్న బకెట్, వెడల్పాటి టబ్బు, గరాటు, ప్లయర్, పది నంబర్ స్పానర్. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం కూడా ఉంటే మంచిది, ఎందుకో కింద చెబుతాం.

దింపడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున పట్టుకోవడం అన్నిటికంటే క్షేమం. పై హోస్ పైపును గట్టిగా నొక్కండి, లోపల ఒత్తిడి తెలియకపోతేనే మూత మీద చెయ్యి వేయండి. వేడి మీద మూత తీస్తే లోపలి నీళ్లు క్షణంలో ఆవిరై మొహం మీదికి ఎగదన్నుతాయి. గుడ్డ అడ్డం పెట్టుకుని తీసేయడం ధైర్యమే కావచ్చు, పద్ధతి మాత్రం కాదు.

హీటర్ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పండి. కొన్ని బళ్లలో హీటర్‌కు వెళ్లే దారిని ఆ నాబే తెరుస్తుంది. తర్వాత రేడియేటర్ కింద మూలలో ఉన్న డ్రెయిన్ ప్లగ్ వదులు చేయండి. పాత బళ్లలో ఈ ప్లాస్టిక్ ప్లగ్ పెళుసుబారి ఉంటుంది. చేత్తో తిరగకపోతే ప్లయర్‌తో మెలిపెట్టకండి. అది విరిగి సగం లోపలే ఉండిపోతే రేడియేటరే దించాలి. అలాంటప్పుడు కింది హోస్ పైపు ఊడదీయడం మేలు. క్లిప్పు వెనక్కి జరిపి, పైపును అటూ ఇటూ తిప్పుతూ లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ప్లాస్టిక్ మెడ పగులుతుంది. ఎంతకీ రాకపోతే పైపును బ్లేడుతో నిలువునా కోసేసి కొత్తది వేసుకోండి, మెడ కంటే పైపు చవక.

దిగినదాన్ని బకెట్లో కొలవండి. మన ఉదాహరణలో 3.2 లీటర్లు వచ్చిందనుకోండి. మిగతా 2.8 లీటర్లు ఇంజన్ బ్లాకులో (సిలిండర్లుండే ప్రధాన భాగంలో), హీటర్లో ఉండిపోయాయి. బ్లాకుకు వేరే డ్రెయిన్ బోల్టున్న ఇంజన్లు ఉన్నాయి కానీ, ఇంత పాత బండిలో అది బిగుసుకుపోయి ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు ఆ ద్రవాన్ని గాజు సీసాలో పోసి వెలుతురులో చూడండి. ఇటుక రంగులో ఉంటే బ్లాకు తుప్పు. జిగురుగా, జెల్లీలా ఉంటే సరిపడని రెండు రకాల కూలెంట్లు కలిశాయి. పైన నూనె తెట్టు కట్టినా, పాలు కలిపిన టీలా ఉన్నా ఇక్కడే ఆగండి: ఆయిల్ కూలరో హెడ్ గ్యాస్కెట్టో (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయింది, ఎంత కడిగినా లాభం లేదు. అడుగున పసుపు ముద్ద కనిపిస్తే లీకు ఆపడానికి ఎవరో రేడియేటర్లో పసుపు పోశారన్నమాట. దారిలో ఇరుక్కున్నప్పుడు ఇల్లు చేరడానికి ఆ చిట్కా పనికొస్తుంది, కాదనం. కానీ ఇల్లు చేరాక కడగకపోతే అదే పసుపు రేడియేటర్ సన్న గొట్టాలనూ హీటర్‌నూ పూడ్చేస్తుంది.

పాత కూలెంట్‌ను వాకిట్లో, కాలువలో పారబోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పశువులు నాకితే మూత్రపిండాలు పోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి, పైన పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టి, పాత ఆయిలూ కూలెంటూ తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

కడగడం

దిగింది కాస్త మురికిగా మాత్రమే ఉంటే మందులేవీ వద్దు. ప్లగ్ బిగించి, డిస్టిల్డ్ వాటర్ నింపి, పై హోస్ వేడెక్కేదాకా ఇంజన్ నడిపి, చల్లారనిచ్చి దింపండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ చేయండి, సాధారణంగా మూడు నాలుగు సార్లు పడుతుంది. మొదటి రెండు సార్లకు ఆర్వో నీళ్లు వాడినా ఫరవాలేదు. చివరిసారి మాత్రం డిస్టిల్డ్ వాటరే ఉండాలి, ఎందుకంటే అందులో 2.8 లీటర్లు లోపలే ఉండిపోతాయి.

తుప్పు, గార ఎక్కువగా ఉంటే రేడియేటర్ ఫ్లష్ మందు కలపాలి. డబ్బా మీద రాసినంత మోతాదు, రాసినంత సేపు, అంతకంటే నిమిషం కూడా ఎక్కువ వద్దు. కాస్టిక్ సోడా, బాత్రూం యాసిడ్ లాంటివి దగ్గరికి రానివ్వకండి. ఈనాటి రేడియేటర్లూ హెడ్లూ అల్యూమినియంవి, ఆ రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి. రోడ్డు పక్క షాపుల్లో కడ్డీ పెట్టి గొట్టాలు పొడిచే పద్ధతి రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలం నాటిది. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్‌కు అది నప్పదు. కంప్రెసర్ గాలి కొట్టడమూ అంతే: లోపల ఒక బార్ ఒత్తిడికి చేసిన వస్తువులోకి ఆరేడు బార్ల గాలి వదిలితే ట్యాంకు అంచులు విచ్చుకుంటాయి.

ఒక హెచ్చరిక. కడిగిన వారంలో కొన్ని పాత రేడియేటర్లు కారడం మొదలుపెడతాయి. కడగడం వల్ల రంధ్రం పడలేదు, అప్పటికే ఉన్న రంధ్రాన్ని మూసిన మురికి పోయింది. ఆ ఖర్చుకు ముందే సిద్ధపడి పని మొదలుపెట్టండి.

థర్మోస్టాట్

దింపిన రోజే దీన్ని మార్చడం తెలివైన పని, మళ్లీ కూలెంట్ పారబోసుకోనక్కర్లేదు. పై హోస్ గానీ కింది హోస్ గానీ ఇంజన్‌ను కలిసేచోట రెండు మూడు బోల్టులతో ఉన్న గూటిలో ఉంటుంది. దాని మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది, అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి. కొత్తదైనా సరే బిగించే ముందు పరీక్షించండి. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, వంటింటి థర్మామీటర్ పెట్టి కాచండి. చెక్కిన అంకెకు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ తెరుచుకోవడం మొదలవ్వాలి, నీళ్లు మరిగే సమయానికి కనీసం 8 మిల్లీమీటర్లు లేవాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి.

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసి పారేద్దాం" అనే సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. వినకండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ కింద ఇంకో బిళ్ల ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌ను తప్పించుకుపోయే బైపాస్ దారిని మూసేది అదే. థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నీళ్లలో కొంత భాగం చల్లబడకుండానే ఇంజన్లోకి తిరిగొస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బండి మునుపటికంటే ఎక్కువగా కాగుతుంది. మామూలు రోడ్డు మీద ఇంజన్ చాలినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది.

పాత గ్యాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ బిళ్లతో గోకండి, ఉలితో కాదు. థర్మోస్టాట్ అంచున చిన్న పిన్ను ఉంటే అది పైవైపుకు రావాలి, గాలి పోయేది అక్కడినుంచే. బోల్టులు చిన్నవి, దిగేది అల్యూమినియంలోకి. మణికట్టు బలం చాలు, స్పానర్‌కు పైపు తగిలించి బిగిస్తే మరలు ఊడిపోతాయి.

నింపడం – అసలు లెక్క ఇక్కడుంది

చాలామంది సగంసగం కలిపి అమ్మే రెడీమిక్స్ కొని 3.2 లీటర్లు పోసి పని అయిందనుకుంటారు. లోపల 2.8 లీటర్ల ఉత్త నీళ్లున్నాయని మరిచిపోతారు. రెడీమిక్స్‌లో ఉన్న కూలెంట్ 1.6 లీటర్లు, దాన్ని 6తో భాగిస్తే 27 శాతం. కనీసం 33 శాతం ఉంటేనే తుప్పు మందు పనిచేయడానికి చాలినంత ఉన్నట్టు. అందుకే ముందుగా నీళ్లు కలపని కూలెంట్‌ను మొత్తం కెపాసిటీ మీద లెక్కగట్టి పోయాలి. 50 శాతానికి 3 లీటర్లు, పైన 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్. 40 శాతానికి 2.4 లీటర్లు, పైన 800 మిల్లీలీటర్లు.

మాన్యువల్ ఒక శాతాన్ని గట్టిగా చెబితే అదే పాటించండి. వదిలేస్తే, మైదానంలో తిరిగే బండికి మా ఓటు 40కే. వేడిని మోయడంలో గ్లైకాల్ కంటే నీళ్లే మెరుగు, మనకు గడ్డకట్టే చలి లేదు. 60 దాటితే మాత్రం చల్లబరిచే శక్తి బాగా తగ్గుతుంది. "కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది" అనేది అపోహ.

రిఫ్రాక్టోమీటర్ అవసరం ఇక్కడే. గాజు మీద రెండు చుక్కలు వేసి చూస్తే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత చూపిస్తుంది. మైనస్ 18 దగ్గర గీత ఉంటే సుమారు 33 శాతం, మైనస్ 24 అయితే 40, మైనస్ 37 అయితే 50. ఇథిలీన్ గ్లైకాల్ స్కేలునే చదవండి, పక్కన బ్యాటరీ యాసిడ్ స్కేలు కూడా ఉంటుంది.

ఇక గాలి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే అది హెడ్‌లో చేరి అక్కడ నీళ్లు తగలనివ్వదు. కూలెంట్ మార్చిన మర్నాడే కాగిన బళ్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. బండి ముందు చక్రాలను ఎత్తుగా, రోడ్డు వాలు మీదో ర్యాంపు మీదో ఉంచండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, అక్కడినుంచి బుడగలు లేకుండా కూలెంట్ కారేదాకా సన్నధారగా పోయండి, లీటరుకు కనీసం ఒక నిమిషం. మధ్యమధ్య పై హోస్‌ను పిసుకుతుంటే బుడగలు పైకొస్తాయి.

మూత రేడియేటర్ మీదే ఉన్న బండి అయితే, మూత తీసే ఉంచి, ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి ఇంజన్ ఐడిల్‌లో నడపండి. పది పదిహేను నిమిషాల్లో రేడియేటర్‌ పైపు హఠాత్తుగా వేడెక్కుతుంది, అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. అప్పుడు మట్టం దభీమని పడుతుంది. వెంటనే నింపి, మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. మూత బాటిల్ మీదే ఉండే బళ్లలో మ్యాక్స్ గీత దాకా నింపి, మూత బిగించే నడపాలి. గీత దాటి నింపకండి, వేడికి వ్యాకోచించే కూలెంట్‌కు పైన చోటుండాలి.

డాష్‌బోర్డు వెనక గలగల శబ్దం, ఐడిల్‌లో చల్లగాలీ యాక్సిలరేటర్ తొక్కితే వేడిగాలీ ఇచ్చే హీటర్, నిలకడలేని ముల్లు – ఇవి కనిపిస్తే గాలి ఇంకా ఉంది. చల్లారనిచ్చి మళ్లీ చేయండి.

నాలుగో పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం

ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ సాకెట్‌కు తగిలించి, దాని వివరాలను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) పెట్టి, ఫోన్లో కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తూ మధ్యాహ్నం ఎండలో అరగంట నడపండి: కొంత ట్రాఫిక్‌లో, కొంత హైవే మీద, రెండింట్లోనూ ఏసీ వేసి. చాలా బళ్లలో 85 నుంచి 100 మధ్య ఉంటుంది. 110 దాటితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తెరిచి, బండిని పక్కకు తీయండి. ట్రాఫిక్‌లోనే పెరుగుతుంటే ఫ్యాను వైపు, హైవే మీదో ఎక్కుడులోనో పెరుగుతుంటే రేడియేటర్ గొట్టాల వైపు, పంపు వైపు చూడాలి.

రోజూ పొద్దున, బండి కదలకముందు బాటిల్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి తేదీ రాయండి, పది రోజులు. మొదటి రెండు రోజులు తగ్గితే అది బయటికొచ్చిన గాలి వల్ల. ఆ తర్వాత కూడా తగ్గుతూ, కింద ఎక్కడా తడి కనిపించకపోతే, ఇంక నింపి తిరగకండి. ఆ నీళ్లు పంపు సీలు దగ్గర ఆరిపోతున్నాయో, హెడ్ గ్యాస్కెట్ గుండా సిలిండర్లో కాలిపోతున్నాయో తేల్చే పరీక్షలు నాలుగో పాఠంలో ఉన్నాయి.