ప్రోటీన్‌లో రెసిడ్యూ కాంటాక్టుల లెక్క తేడా కొడుతోందా? సమస్యలు - పరిష్కారాలు

విశాఖలో ప్రోటీన్ ప్రాజెక్టు చేసేవాళ్లు హీమోగ్లోబిన్‌ని ఎంచుకుంటే ఆశ్చర్యం లేదు. పైన పాడేరు, అరకు మన్యంలో సికిల్ సెల్ జబ్బు ఉంది. దాని మూలం ఒకే ఒక్క అమినో ఆమ్లం మార్పు. అందుకే ఇక్కడ ఉదాహరణలు చాలావరకు హీమోగ్లోబిన్ నుంచే తీసుకున్నాం. రెసిడ్యూ అంటే ప్రోటీన్ గొలుసులోని ఒక్కో అమినో ఆమ్లం, ఆ గొలుసే చైన్. రెండు రెసిడ్యూలు మనం పెట్టిన హద్దు దూరం కన్నా దగ్గరగా ఉంటే అది కాంటాక్ట్. బయోపైథాన్ (పైథాన్ లైబ్రరీ), పైమాల్ (నిర్మాణాన్ని 3డీలో చూపే సాఫ్ట్‌వేర్) ఉంటే చాలు, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాబ్ కంప్యూటర్ సరిపోతుంది.

ముందుగా మీ స్క్రిప్టుని 1సీఆర్ఎన్ మీద నడపండి (ఇలాంటి నాలుగక్షరాల పేర్లు ప్రోటీన్ డేటా బ్యాంక్, అంటే పీడీబీలోని నిర్మాణ ఫైళ్ల కోడ్‌లు). అది క్రాంబిన్, 46 రెసిడ్యూల చిన్న ప్రోటీన్. సిస్టీన్ 3-40, 4-32, 16-26 జంటల్లో సల్ఫర్ ఆటమ్‌ల మధ్య దూరం 2 ఆంగ్‌స్ట్రామ్‌లకి (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) కాస్త పైన రావాలి. రాకపోతే తప్పు ఫైల్ చదివే చోటే ఉంది, మిగతావి తర్వాత చూడొచ్చు.

బీటా 6 దగ్గర కాంటాక్టులే రావడం లేదు

4హెచ్‌హెచ్‌బీ (ఆక్సిజన్ పట్టని హీమోగ్లోబిన్) తెరిచి బి, డి చైన్లలో, అంటే బీటా చైన్లలో, సికిల్ మార్పు జరిగే 6వ స్థానం చుట్టూ వెతికితే సొంత చైన్‌లోని ఇరుగుపొరుగు తప్ప చెప్పుకోదగ్గవి దొరకవు. గ్లుటామేట్‌ని వాలీన్‌గా మార్చి చూసినా అంతే. కోడ్‌లో తప్పు వెతకొద్దు. ఆ రెసిడ్యూ ప్రోటీన్ ఉపరితలం మీద ఉంటుంది. అక్కడికి వాలీన్ వచ్చాక అది వెళ్లి కూర్చునేది పక్క హీమోగ్లోబిన్‌లోని బీటా చైన్ మీద, ఫినైల్ అలనీన్ 85, లూసీన్ 88 ఉన్న గుంటలో. ఒక్క టెట్రామర్ (నాలుగు చైన్లున్న ఒక హీమోగ్లోబిన్) మాత్రమే ఉన్న ఫైల్‌లో ఆ పక్క హీమోగ్లోబిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి 2హెచ్‌బీఎస్ (సికిల్ హీమోగ్లోబిన్) వాడాలి. అందులో రెండు టెట్రామర్లు, మొత్తం ఎనిమిది చైన్లు ఉంటాయి. ఎ నుంచి డి వరకు ఒక గుంపు, ఇ నుంచి హెచ్ వరకు ఇంకో గుంపు చేసి, ఒక గుంపుకీ రెండోదానికీ మధ్య ఉన్న కాంటాక్టులనే ఉంచండి. నాలుగు బీటా చైన్లలోనూ వాలీన్ 6కి ఈ కాంటాక్ట్ రాలేదని మళ్లీ కంగారు పడనక్కర్లేదు. ఒక్కో టెట్రామర్‌లో రెండు వాలీన్ 6లు ఉన్నా ఈ పక్క కాంటాక్ట్‌లో పాల్గొనేది ఒక్కటే. స్ఫటికంలోని మిగతా పొరుగువాళ్లు కూడా కావాలంటే పైమాల్ జనరేట్ మెనూలో సిమెట్రీ మేట్స్‌ని 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు అని తెప్పించుకోవచ్చు.

ఇదే చోట నంబర్లతో ఒక ఇబ్బంది ఉంది. జీన్ రిపోర్టుల్లోనూ యూనిప్రాట్ అనే ప్రోటీన్ వరసల డేటాబేస్‌లోనూ మొదటి మెథియోనిన్‌ని కలిపి లెక్కేస్తారు కాబట్టి సికిల్ మార్పు 7వ స్థానంలో కనబడుతుంది. ఆ 7ని పట్టుకుని పీడీబీ ఫైల్లోకి వెళ్తే అక్కడా గ్లుటామేటే ఉంటుంది! పేరు కలిసింది కదా అని సాగిపోతే విశ్లేషణ మొత్తం పక్క రెసిడ్యూ మీద జరుగుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. అందుకని ఒక్క పేరుతో సరిపెట్టుకోకుండా వరసగా మూడు చూడండి: ప్రోలీన్ 5, గ్లుటామేట్ 6, గ్లుటామేట్ 7. ఎమ్ఎమ్‌సీఐఎఫ్ (పీడీబీ కొత్త ఫార్మాట్) ఫైల్ అయితే అందులో రచయిత ఇచ్చిన నంబరు, డేటాబ్యాంక్ వేసిన వరస నంబరు రెండూ ఉంటాయి. మనం ఏమీ చెప్పకపోతే బయోపైథాన్ మొదటిదే ఇస్తుంది. వేరే టూల్ ఫలితంతో పోల్చేముందు అది ఏది వాడిందో చూసుకోండి.

ఒక ఇంటర్‌ఫేస్ (రెండు చైన్లు తాకే చోటు) మొత్తం మాయమైంది

ఆక్సిజన్ పట్టిన రూపం కోసం 1హెచ్‌హెచ్‌ఓ తీసుకుంటే ఎ, బి రెండే చైన్లు వస్తాయి. ఫైల్‌లో ఉన్నది అసిమెట్రిక్ యూనిట్, అంటే సగం హీమోగ్లోబిన్. మిగతా సగాన్ని ఎలా కట్టాలో ఫైల్ మొదట్లోని రిమార్క్ 350 లైన్లలో ఉంటుంది. దాన్ని 4హెచ్‌హెచ్‌బీతో నేరుగా పోల్చి "ఆక్సిజన్ పట్టగానే సగం కాంటాక్టులు పోయాయి" అని రాస్తే వైవా అక్కడితో సరి.

బయలాజికల్ అసెంబ్లీ ఫైల్ (పూర్తి అణువు ఉన్నది) దించుకోండి. అయితే పాత పీడీబీ ఫార్మాట్ అసెంబ్లీలో రెండో సగం కొత్త చైన్ పేర్లతో రాదు, మోడల్ 2 కింద మళ్లీ ఎ, బి అనే పేర్లతోనే వస్తుంది. స్క్రిప్టు మొదటి మోడల్‌నే చదువుతుంటే మీరు దించుకున్నది టెట్రామర్, లెక్కేస్తున్నది డైమర్ (రెండు చైన్లే). రెండో మోడల్ చైన్లకి సి, డి అని పేర్లు మార్చి ఒకే మోడల్‌లోకి చేర్చాలి.

ఎన్ఎమ్ఆర్ పద్ధతిలో తేల్చిన నిర్మాణాల ఫైళ్ల సంగతి సరిగ్గా తలకిందులు. 1డీ3జడ్‌లో యుబిక్విటిన్‌కి 10 మోడళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. స్ట్రక్చర్ మొత్తం మీద ఆటమ్‌లు అడిగితే ఒక మోడల్ రెసిడ్యూ ఇంకో మోడల్ రెసిడ్యూని తాకుతున్నట్టు వేల జంటలు పుడతాయి. ఇక్కడ మోడళ్లని కలపకూడదు. ఒక్కోదాన్ని విడిగా లెక్కేసి, ఒక కాంటాక్ట్ ఎన్ని మోడళ్లలో కనిపించిందో రాసుకోవాలి.

కాంటాక్టులు మరీ ఎక్కువ వస్తున్నాయి

ముందు పక్కపక్క రెసిడ్యూలు తీసేశారో లేదో చూడండి. పెప్టైడ్ బంధం 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లే కాబట్టి వరసలో పక్కనున్నవి ఏ హద్దు పెట్టినా లోపలికి వస్తాయి. ఆల్ఫా హెలిక్స్‌లో నాలుగు స్థానాల అవతలి సీఆల్ఫా (రెసిడ్యూ వెన్నెముకలోని మధ్య కార్బన్) కూడా సుమారు 6.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే ఉంటుంది. హద్దు 8 పెడితే హీమోగ్లోబిన్ లాంటి హెలిక్స్ ప్రోటీన్‌లో జాబితా వీటితోనే నిండిపోతుంది. మడత గురించి మాట్లాడాలంటే కనీసం 6 స్థానాల ఎడం ఉంచండి. కాస్ప్ (ప్రోటీన్ నిర్మాణాన్ని ఊహించే) పోటీల పద్ధతిలో 6-11 దగ్గరవి, 12-23 మధ్యరకం, 24, ఆపైన దూరపువి.

ఈ ఎడం నిబంధన ఒకే చైన్ లోపలే పనిచేయాలి. ఉదాహరణకి ఒక చైన్ 35కీ ఇంకో చైన్ 37కీ తేడా 2 అని కొట్టేస్తే అసలైన ఇంటర్‌ఫేస్ కాంటాక్ట్ పోతుంది. షరతులో చైన్ పేరుని ముందు పోల్చి, ఆ తర్వాతే నంబరు చూడమనండి.

రెండో కారణం హైడ్రోజన్లు. ఎన్ఎమ్ఆర్ ఫైళ్లలో ఉంటాయి, ఎక్స్-రే ఫైళ్లలో సాధారణంగా ఉండవు. రెంటినీ పోల్చాలంటే తీసేయడమే మేలు. నీళ్లూ అంతే.

మా సంఖ్యకీ పేపర్‌లోని సంఖ్యకీ పొంతన లేదు

తొంభై పాళ్లు నిర్వచనం తేడానే. సీఆల్ఫాల మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లు, సీబీటాల (పక్క కొమ్మలోని మొదటి కార్బన్) మధ్య 8, హైడ్రోజన్ కాని ఏ రెండు ఆటమ్‌ల మధ్యనైనా 4.5 లేదా 5: ఈ మూడూ వాడుకలో ఉన్నాయి, మూడూ వేర్వేరు జాబితాలు ఇస్తాయి. సీఆల్ఫా దూరం చూడటమంటే ఇద్దరి వెన్నెముకల మధ్య దూరం కొలిచి చేతులు కలిశాయో లేదో చెప్పడం. ఆర్జినీన్, గ్లుటామేట్ లాంటి పొడవాటివి సీఆల్ఫాలు 10 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటినా సాల్ట్ బ్రిడ్జి (వ్యతిరేక ఆవేశాల మధ్య ఆకర్షణ) కట్టగలవు. మా మాట అడిగితే మడత పోలికకి సీబీటా, ఇంటర్‌ఫేస్‌కీ మ్యుటేషన్‌కీ 4.5 హెవీ ఆటమ్ (హైడ్రోజన్ కాని ఆటమ్‌ల) పద్ధతి వాడండి.

సీబీటా వాడగానే "కీ ఎర్రర్ సీబీ" అని ఆగిపోతే అక్కడ గ్లైసిన్ ఉన్నట్టు. దానికి సీబీటా లేదు, సీఆల్ఫా తీసుకోండి.

సాల్ట్ బ్రిడ్జికి ఆమ్లపు ఆక్సిజన్, క్షారపు నైట్రోజన్ మధ్య 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు అనేది వాడుకలో ఉన్న హద్దు. 4హెచ్‌హెచ్‌బీలో బీటా చైన్ చివరి హిస్టిడిన్ 146, అదే చైన్ ఆస్పార్టేట్ 94 జంట దీనికి మంచి పరీక్ష. హిస్టిడిన్‌ని క్షారాల జాబితాలో చేర్చకపోతే ఇది ఎప్పటికీ దొరకదు. ఆస్పరజీన్, గ్లుటమీన్ దగ్గర హైడ్రోజన్ బంధాలు అసహజంగా అనిపిస్తే పక్క కొమ్మ తలకిందులై ఉండొచ్చు. ఎక్స్-రే సాంద్రతలో నైట్రోజన్, ఆక్సిజన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. నిర్మాణాన్ని తనిఖీ చేసే మాల్‌ప్రాబిటీలో రిడ్యూస్ అనే ప్రోగ్రామ్ నడిపితే తిప్పాల్సినవి చూపిస్తుంది.

సొంతంగా రాసిన పార్సర్ మధ్యలో పడిపోతోంది

పీడీబీ లైన్‌ని ఖాళీల దగ్గర విడగొట్టారా? అది కాలమ్ లెక్కతో నడిచే ఫార్మాట్. చైన్ పేరు 22వ కాలమ్, రెసిడ్యూ నంబరు 23-26, ఇన్‌సర్షన్ కోడ్ 27, ఎక్స్ 31-38, వై 39-46, జడ్ 47-54. రెసిడ్యూ నంబరు 1000 దాటితే చైన్ అక్షరానికి అతుక్కుపోతుంది, పెద్ద రుణ విలువలు ఒకదానికొకటి అంటుకుంటాయి. 17వ కాలమ్‌లో అక్షరం ఉంటే ఆ ఆటమ్‌కి ఒకటికి మించి స్థానాలు ఉన్నట్టు. ఎక్కువ ఆక్యుపెన్సీ (ఆ స్థానంలో ఉండే పాలు) ఉన్నదాన్ని ఉంచండి, లేకపోతే ఒకే కాంటాక్ట్ రెండుసార్లు పడుతుంది. యాంటీబాడీల్లో 82, 82ఎ, 82బి వేర్వేరు రెసిడ్యూలు. నంబరు ఒక్కటే కీగా పెట్టుకుంటే ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది.

చైన్ మధ్యలో కాంటాక్టులు లేని ఖాళీ కనిపిస్తే రిమార్క్ 465 చూడండి, కనబడని రెసిడ్యూలు అందులో ఉంటాయి. రిమార్క్ 470లో సగమే కనబడినవి ఉంటాయి. సున్నా కాంటాక్టులకీ, అసలు నిర్మాణమే లేకపోవడానికీ తేడా ఉంది, పట్టికలో రెండోదాన్ని ఖాళీగా వదలండి. హెట్‌ఆటమ్ (మామూలు అమినో ఆమ్లాలు కానివాటి) లైన్లన్నీ తీసేసినప్పుడు సెలీనోమెథియోనిన్ కూడా పోతుంది. దాన్ని మెథియోనిన్‌గా లెక్కేసి ఉంచాలి.

ర్యామ్ నిండి కంప్యూటర్ బిగుసుకుపోతోంది

అన్ని ఆటమ్‌ల దూరాల మాట్రిక్స్ కట్టారన్నమాట. 50,000 ఆటమ్‌లకి అది 20 జీబీ. బయోపైథాన్ నైబర్‌సెర్చ్ వాడి రెసిడ్యూ స్థాయిలో 4.5 అడగండి, క్షణాల్లో వస్తుంది.

ఆల్ఫాఫోల్డ్ మోడల్‌లో, సిమ్యులేషన్‌లో వింత కాంటాక్టులు

ఆల్ఫాఫోల్డ్ (వరస నుంచి నిర్మాణం ఊహించే ఏఐ) ఫైల్‌లో బీ-ఫ్యాక్టర్ కాలమ్‌లో ఉండేది పీఎల్‌డీడీటీ, అంటే ఆ రెసిడ్యూ మీద మోడల్‌కి ఉన్న నమ్మకం, 100కి ఇంత అని. 50 కన్నా తక్కువ ఉన్న రెసిడ్యూల కాంటాక్టులని పక్కన పెట్టండి. 70 దాటినా రెండు డొమైన్ల మధ్య కాంటాక్ట్ నమ్మాలంటే పీఏఈ (రెండు భాగాల పరస్పర స్థానంలో ఉండగల తప్పు అంచనా) చిత్రం కూడా చూడాలి.

సిమ్యులేషన్‌లో అన్నీ కాంటాక్టులే అని వస్తే యూనిట్ చూడండి. ఎమ్‌డీట్రాజ్ లైబ్రరీ నానోమీటర్లలో ఇస్తుంది, అక్కడ 4.5 బదులు 0.45 పెట్టాలి. ఎమ్‌డీఅనాలిసిస్‌కి ఆంగ్‌స్ట్రామ్‌లే. ఇంటర్‌ఫేస్ ఒక్క ఫ్రేమ్‌లో మొత్తం తెగిపోయి వెంటనే తిరిగొస్తే చైన్ సిమ్యులేషన్ బాక్స్ గోడ దాటినట్టు. గ్రోమాక్స్ ట్రాజ్‌కాన్వ్‌తో ముందు మాలిక్యూల్స్‌ని అఖండంగా చేసి, తర్వాత ప్రోటీన్‌ని మధ్యకి తెచ్చి, అప్పుడు కాంటాక్టులు లెక్కేయండి.