రాక్ క్లైంబింగ్‌లో తాడు కట్టుకోవడం, పట్టడం ఎలా?

తాడు పట్టుకుని బండ మీదికి పాకుతారని చాలామంది అనుకుంటారు. ఎక్కేది చేతులతో, కాళ్లతోనే. తాడు ఉన్నది జారితే ఆపడానికి. అందుకే అది కాస్త సాగాలి. అలాంటిదాన్ని డైనమిక్ తాడు అంటారు. అంతగా సాగని స్టాటిక్ తాడు బరువులు లాగడానికి మంచిదే కానీ, మనిషి దాని మీద పడితే కుదుపంతా ఒంటికే తగులుతుంది.

మొదట ముడి. కొస నుంచి మీటరు దూరంలో తాడును ఎనిమిది అంకెలా మెలిపెట్టండి. కొసను హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలకు) ముందువైపు కాళ్ల పట్టీలను కలిపే చోటు నుంచి, నడుము పట్టీ నుంచి, అంటే ఆ రెంటినీ ముందు కలిపే గట్టి పట్టీ ఉంగరం, బిలే లూప్, వెళ్లే దారిలోనే దూర్చండి. తర్వాత మొదటి ఎనిమిదిని కొసతో వెనక్కి అనుసరిస్తూ రండి. అన్ని పోగులూ లాగి బిగించాక ఐదు చోట్ల జంట గీతలు కనబడాలి, జానెడు కొస మిగలాలి.

ముడి వేస్తుండగా ఎవరు పలకరించినా నేను బదులివ్వను. పొగరనుకున్నా సరే. మాటల్లో పడి సగంలో వదిలేసిన ముడి దూరానికి పూర్తయినట్టే కనబడుతుంది, బరువు పడ్డాకే ఊడుతుంది.

కింద నిలబడి తాడు పట్టేవారు బిలేయర్. తాడును మడిచి, దాన్ని నొక్కి ఆపే బిలే పరికరంలోకి దూర్చి, ఆ మడతను కారబినర్‌తో (తెరిచి మూసే లోహపు కొక్కెంతో) తన బిలే లూప్‌కు తగిలించి, కారబినర్ మర బిగించాలి. పరికరం నుంచి కిందికి వచ్చే తాడును పట్టేది బ్రేకు చెయ్యి. టాప్ రోప్‌లో, అంటే తాడు పైన కొక్కేల గుండా వెళ్లి కిందికి వచ్చే పద్ధతిలో, మనిషి ఎక్కేకొద్దీ పై చేత్తో (పైకి వెళ్లే తాడు పట్టిన చేత్తో) తాడును కిందికి, బ్రేకు చేత్తో బయటికి లాగి, వెంటనే బ్రేకు తాడును కిందికి దించండి. పై చేతిని తెచ్చి బ్రేకు చెయ్యి కింద పట్టుకుని, బ్రేకు చేతిని పరికరం దగ్గరికి జరపండి. జరపాలే తప్ప పిడికిలి తెరవకూడదు. అనుభవజ్ఞులు వెనక నిలబడి తాడు పట్టుకుని ఉండగానే ఇది సాధన చేయాలి.

పైనుంచి ‘స్లాక్’ అంటే తాడు కాస్త వదలాలి, ‘టేక్’ అంటే బిగించాలి. ‘స్లాక్ తీసుకో’ అని మాత్రం అరవకండి. గాలిలో మొదటి మాటే వినబడితే జరిగేది తలకిందులు.

ఎక్కేముందు ఒకరి ముడి, పరికరం, కారబినర్ మరొకరు చూడాలి. తాడు రెండో కొసకూ ఒక ముడి వేయండి. దింపుతుండగా తాడు చాలకపోతే, కొస పరికరంలోంచి జారిపోకుండా ఆపేది ఆ ముడే.