ఆడి తళ్లుబడి బోర్డు చూడగానే కొనేయకండి

చెన్నైలో జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, అంటే తమిళుల ఆడి నెలంతా, బట్టల షాపులుండే టీనగర్‌లో ఎటు చూసినా తళ్లుబడి, అంటే డిస్కౌంటు, బోర్డులే. మన ఆషాఢంలో లాగే ఇక్కడా ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు, బేరాలు తగ్గుతాయి, అందుకే షాపులవాళ్లు ఉన్న సరుకు తగ్గించి అమ్ముతారు. సరుకు కదలడం వాళ్ల అవసరం, మనకి అవసరమో కాదో తేలాలంటే కొన్నాళ్లు ఆగాలి.

వంటింట్లో క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించండి. ఇంట్లో ఎవరికి ఏది కొనాలనిపించినా వస్తువు, ఆ రోజు ధర, తేదీ రాయాలి, ఆ రోజు మాత్రం కొనకూడదు. వెయ్యి లోపైతే మూడు రోజులు, అయిదు వేల లోపైతే రెండు వారాలు, సోఫా, టీవీ లాంటివైతే నెల ఆగండి. మీ జీతాన్ని బట్టి ఈ లెక్క మార్చుకోవచ్చు. ధర రాయడం మాత్రం మానొద్దు, రేపు సేల్లో "సగానికి సగం" అన్నప్పుడు నిజంగా ఎంత తగ్గిందో ఆ కాగితమే చెప్తుంది.

యాప్‌లో కార్ట్‌లో పడేసి ఆగితే లాభం లేదు, "రెండే మిగిలాయి" అంటూ ఫోన్ మోగుతూనే ఉంటుంది. నోటిఫికేషన్లు ఆపేయండి, సేవ్ చేసిన కార్డులు తీసేయండి. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు, అని తొందరపడొద్దు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే బ్యాంకు వేసే వడ్డీ మేరకు డిస్కౌంట్ ఇస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు కూడా.

ఇంట్లోవాళ్లు ఏదైనా అడిగితే "వద్దు" అనకండి, గొడవవుతుంది. "కాగితం మీద రాయి, ఆ తేదీకి చూద్దాం" అనండి. పిల్లలైతే చాలాసార్లు వాళ్లే దాన్ని కాగితం మీంచి కొట్టేస్తారు.

మిక్సీ ఆగిపోతే కొత్తది చూసే ముందు రిపేరు షాపుకి తీసుకెళ్లండి, చాలావాటిలో అరిగేది కార్బన్ బ్రష్‌లే, అవి మార్చడం చవక. మందులు, అయిదేళ్లు దాటిన గ్యాస్ ట్యూబు, మే నెల కత్తిరి ఎండల్లో పాడైన ఫ్యాను, వీటికి ఆగడాలు లేవు, వెంటనే కొనండి.

తేదీ వచ్చాక కూడా కావాలనిపిస్తే హాయిగా కొనుక్కోండి. కాగితం మీంచి కొట్టేసిన వస్తువు డబ్బు మాత్రం ఆ రోజే వేరే ఖాతాలోకి మార్చండి, జీతం ఖాతాలోనే వదిలేస్తే నెలాఖరుకి ఎటు పోయిందో కూడా తెలీదు.