ఇంగ్లీష్ పదాలకి పాత శుభలేఖలు

బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లందరికీ ఉండే బాధే, పొద్దున్న బట్టీపట్టిన ఇంగ్లీష్ పదం సాయంత్రానికి గుర్తుండదు. ఇంట్లో పాత శుభలేఖలుంటే చీటీలుగా కత్తిరించి రోజుకి ఐదు పదాలే రాయండి. ముందువైపు పదం, వెనక తేలిక ఇంగ్లీషులో ఒక్క లైను అర్థం, రెండు పర్యాయపదాలు, మన ఊరి సంగతితో ఒక సొంత వాక్యం. డెల్యూజ్ అంటే పెద్ద వరద కదా, ఫ్లడ్, టోరెంట్ రాసుకుని నాగావళి పొంగడం మీద వాక్యం కట్టండి, ఈ వాక్యమే అసలు పట్టు. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో వెనక చూడకుండా అర్థం చెప్పుకోండి. వచ్చినవి మూడో రోజు, తర్వాత వారానికి, రానివి మర్నాడే మళ్లీ తియ్యండి.

పర్యాయపదం కదా అని ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తే మాత్రం కుదరదు. రెండూ డబ్బు ఖర్చుపెట్టని మనిషి గురించే అయినా, థ్రిఫ్టీ (పొదుపరి) అంటే మెచ్చుకోలు, స్టింజీ (పిసినారి) అంటే తిట్టు. అందుకే డిక్షనరీలో ఉదాహరణ వాక్యం చూశాకే చీటీ మీద ఎక్కించండి.