పాత టెన్నిస్ బంతిని పారేయకండి

హన్మకొండలో మా గల్లీ పిల్లలు క్రికెట్ ఆడి, నూగు ఊడిపోయిందని వదిలేసిన టెన్నిస్ బంతులను నేను కడిగి దాచిపెడతాను. పొద్దున లేవగానే మడమలో పొడిచినట్టు నొప్పి వచ్చేవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి. కుర్చీలో కూర్చుని, ఉత్త పాదం కింద బంతి పెట్టి, వేళ్ల మొదలు నుంచి మడమ దాకా మెల్లగా దొర్లించండి. ఒక్కో పాదానికి 2 నిమిషాలు చాలు. టెన్నిస్ బంతి సుమారు 6.5 సెంటీమీటర్ల వెడల్పుతో, మెత్తగా ఉంటుంది కాబట్టి అరికాలి వంపులో చక్కగా కుదురుతుంది. క్రికెట్ బంతి వద్దు, మరీ గట్టిది. నిలబడి బరువు వేయకండి, జారి పడతారు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

మన దగ్గర బంతి అంటే బతుకమ్మలో పేర్చే పువ్వు కూడా, పెళ్లిలో భోజనాల వరుస కూడా. అలా నాలుగు బంతులకు వడ్డించి వచ్చిన రాత్రి నా కాళ్లకు ఈ బంతే దిక్కు.

పగిలిన బంతులుంటే ప్లస్ గుర్తులా కోసి ఇనుప కుర్చీ కాళ్లకు తొడగండి. బండల మీద గీతలు పడవు, జరిపినప్పుడు చప్పుడూ రాదు.